మూడోసారి కొట్టిన ఫార్మాట్

కంప్యూటర్ రిపేరు పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏం నేర్చుకోవాలి సార్ అని అడుగుతారు. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం, టంకం పెట్టడం నాకంటే బాగా నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక సంగతి మాత్రం చెబుతాను. ఇన్నేళ్ల పనిలో నేను చేసిన అతి పెద్ద తప్పు, నాకున్న అతి మంచి అలవాటు వల్ల జరిగింది. ఈ మాట ఎవరూ నమ్మరు. నేనూ ఆ బుధవారం దాకా నమ్మేవాణ్ని కాదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రెస్సులో

నేను మొదట పనిచేసింది ఒక తెలుగు దినపత్రికలో. వార్తలు రాసేవాణ్ని కాదు, వచ్చిన వార్తల్ని కంప్యూటర్ మీద పేజీలుగా పెట్టేవాణ్ని. మిషన్లు మొరాయిస్తే వాటిని చూసే పని కూడా మా విభాగానిదే.

అప్పటి తెలుగు ఫాంట్లు ఇప్పటిలాంటివి కావు. ఆ ఫాంటు మిషన్లో ఉంటేనే తెలుగు కనబడేది. లేకపోతే అదే వార్త ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, కూడిక గుర్తులు కలిసిపోయి పిచ్చిగీతల్లా కనబడేది. ఎడిషన్ టైములో ఫాంటు ఎక్కించుకుంటూ కూర్చునే తీరిక ఉండదు. మా విభాగంలో నలుగురం ఆ పిచ్చిగీతల్నే చదవడం అలవాటు చేసుకున్నాం. మొదటి పేరా చూసి ఇది మెదక్ వార్త, ఇది సంతాప సభ అని చెప్పేసేవాళ్లం. దానివల్ల జీవితంలో ఇంకో ఉపయోగం ఉంటుందని అప్పుడు అనుకోలేదు.

మా ఇన్‌చార్జి విఠల్ రావు సార్. చల్లని మనిషి, గొంతు పెంచేవాడు కాదు. ఒక సాయంత్రం జిల్లా పేజీ తయారై, తెర మీద బిగుసుకుపోయింది. నాకు కంగారు. స్విచ్చి ఆపి మళ్లీ వేశాను. పేజీ మొత్తం పోయింది. తిడతాడనుకుని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

“బంద్ చేసే ముందల తెర మీద ఏం రాసున్నది?”

“చూడలేదు సార్.”

“అది నీకేదో చెప్పబోయింది. నువ్వు దాని నోరు మూసినవ్.”

అంతే అన్నాడు. ఆ తర్వాత ఆర్నెల్లపాటు ఏ మిషన్ పాడైనా, దాన్ని ముట్టుకునే ముందు తెర మీద ఉన్నది నోట్‌బుక్కులో రాసి తనకు చూపించాలన్నాడు. చిన్న పిల్లాడి కాపీ రాతలాగా సిగ్గనిపించేది. నా వృత్తి మొత్తంలో ఎవరైనా నాకు నేర్పిన విద్య ఉందంటే అదొక్కటే. దాన్ని ఒకే ఒక్క రోజు మరిచిపోయాను.

షాపు

హైటెక్ సిటీ వైపు అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజుల్లో పత్రిక మానేసి, సలీం భాయ్‌తో కలిసి ల్యాప్‌టాప్ సర్వీసు షాపు పెట్టాను. కృష్ణానగర్‌లోంచి ఫిల్మ్‌నగర్ వైపు ఎక్కే దారిలో, ఒక టైలర్‌కూ ఒక జెరాక్సు సెంటర్‌కూ మధ్య సందు లాంటి గది. సలీం భాయ్‌ది టోలిచౌకి. బోర్డు మీద కంటికి కనబడని ముక్కను కూడా ఊడదీసి మళ్లీ అతికించగల మనిషి. సాఫ్ట్‌వేర్ నాది, హార్డ్‌వేర్ ఆయనది.

ఆఫీసుల్లో ఉద్యోగాలు మారినవాళ్లు పాత ల్యాప్‌టాప్‌లు అమ్ముకునేవారు. అవి చేతులు మారి మారి కృష్ణానగర్ గదుల్లోకి చేరేవి. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు, పాటలు రాసేవాళ్లు, అవకాశాల కోసం ఫొటోలు పంపుకునేవాళ్లు, అందరికీ అవే. హైటెక్ సిటీ వాడి పారేసిన మిషన్ల మీద ఫిల్మ్‌నగర్ కలలు నడిచేవంటే అబద్ధం కాదు.

సినిమావాళ్లతో పని వేరే రకం. రాహుకాలంలో ఫార్మాట్ కొట్టొద్దనేవారు. ఒక నిర్మాత ఆఫీసులో కొత్త కంప్యూటర్లు పెట్టిన రోజు మేనేజరు ముహూర్తం పెట్టించి, మొదటి ఫోల్డరు నన్ను తూర్పు ముఖంగా కూర్చుని చేయమన్నాడు. కొబ్బరికాయ మాత్రం మిషన్ పక్కనే కొట్టారు. ఆ నీళ్లకు కీబోర్డు అక్కడికక్కడే పోయింది. మేనేజరు మొహం పాలిపోయింది. సలీం భాయ్ సంచిలోంచి ఇంకో కీబోర్డు తీసి పెట్టి, “కాయ మంచిగనే పగిలింది గద సాబ్, ఫికర్ ఏంది” అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇక నా మంచి అలవాటు. ఏ మిషన్ వచ్చినా, ముట్టుకునే ముందు అందులోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, డి డ్రైవ్ మొత్తం మా దగ్గరున్న పెద్ద హార్డ్‌డిస్కులోకి కాపీ తీసేవాణ్ని. ఆ డిస్కును మేం గోదాం అనేవాళ్లం. కస్టమర్లను అడిగేవాణ్ని కాదు, చెప్పేవాణ్నీ కాదు. మిషన్ ఇచ్చేశాక కూడా చెరిపేవాణ్ని కాదు. ఆర్నెల్ల తర్వాత ఎవరో వచ్చి అన్నీ పోయాయని బావురుమంటే, గోదాంలోంచి తీసి చేతిలో పెట్టేవాణ్ని. ఒక కాస్ట్యూమర్ తన కొలతల లిస్టులన్నీ దొరికాయని నా చేతులు పట్టుకున్నాడు. అలాంటప్పుడు నాకు నేను పెద్ద మనిషిలా కనబడేవాణ్ని.

మంగళవారం

ఆ మంగళవారం ఉదయం శామ్యూల్ గారు వచ్చారు. యాభై దగ్గర వయసు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఊరు భీమవరం వైపు. పద్దెనిమిదేళ్లుగా ఘోస్టు రైటరు, అంటే డైలాగులు ఆయన రాస్తారు, తెర మీద పేరు ఇంకొకరిది పడుతుంది. మా షాపుకు అంతకుముందు కూడా ఒకసారి వచ్చారు, నాలుగేళ్ల కింద, కీబోర్డు మార్పించుకోవడానికి.

అదే ల్యాప్‌టాప్. మూత కీలు విరిగి, రబ్బరుబ్యాండుతో కట్టి ఉంది. వైరస్ పట్టి, ఆన్ చేస్తే పావుగంటకు గానీ తెర రావడం లేదు. మిషన్‌ను నడిపే ఓఎస్ మళ్లీ వేయాలి, వేరే దారి లేదన్నాను. ఆయన ఒప్పుకున్నారు కానీ, గురువారం ఉదయం పదింటికి జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత ఆఫీసులో కథ వినిపించాలని, కథా మాటలూ రెండూ తనవేనని, ఒప్పుకుంటే మొదటిసారి తెర మీద తన పేరు పడుతుందని చెప్పారు. ఆ నిర్మాత బౌండు స్క్రిప్టు, అంటే మొత్తం రాసి కుట్టించిన ప్రతి, చేతిలో పెట్టందే కూర్చోడట. అందుకని బుధవారం సాయంత్రానికల్లా మిషన్ కావాలి.

నేను ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగాను. “సి డ్రైవ్ల మీకు కావల్సింది ఏమన్న ఉన్నదా సార్? అది మొత్తం పోతది.”

“డెస్క్‌టాప్ మీదా, డాక్యుమెంట్లలోనూ ఏమీ లేదండీ. నేను చూసుకున్నాను.” కొంచెం ఆగి అడిగారు. “సిస్టం ఫైళ్ల జోలికి వెళ్లరు కదా?”

“అవి కొత్తగ వస్తయి సార్, వాటి ఫికర్ మీకెందుకు.”

ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఆ ప్రశ్న దగ్గర నేను ఆగాల్సింది. ఇన్నేళ్లలో ఏ కస్టమరూ సిస్టం ఫైళ్ల గురించి అడగలేదు. ఫొటోలు అడుగుతారు, పాటలు అడుగుతారు. ఒక రచయిత సిస్టం ఫైళ్ల గురించి ఎందుకు అడిగాడని నాకు తట్టలేదు. విఠల్ రావు సార్ నేర్పిన విద్య మిషన్లకే కాదు, మనుషులకూ వర్తిస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే తెలుసుకుని ఉండాల్సింది.

అలవాటు ప్రకారం డి డ్రైవూ డాక్యుమెంట్లూ గోదాంలోకి కాపీ తీశాను. పాటలు, చర్చి ఫొటోలు తప్ప ఏమీ లేవు. సి ఫార్మాట్ కొట్టి, సీడీ పెట్టి, ఓఎస్ ఎక్కించడం మొదలుపెట్టాను. మూడో వంతు దాకా వచ్చి, ఒక ఫైలు కాపీ కావడం లేదని చెప్పి ఆగిపోయింది. సీడీ మీద గీతలున్నాయేమో అనుకున్నాను. తుడిచి, మళ్లీ ఫార్మాట్ కొట్టి, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఇంకా ముందే, ఇంకో ఫైలు దగ్గర ఆగింది.

అక్కడ నోట్‌బుక్కు తీసి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. తీయలేదు. షాపులో ఇంకో ముగ్గురు ఎదురు చూస్తున్నారు. వాళ్ల ముందు ఒక ముసలి ల్యాప్‌టాప్ నన్ను రెండుసార్లు కాదంది. కొత్త సీడీ తెచ్చి, సి డ్రైవ్ విభాగాన్నే చెరిపి, మళ్లీ చేసి, మూడోసారి ఫార్మాట్ కొట్టాను. ఈసారి సగం దాటింది. హమ్మయ్య అనుకుంటుండగా తెర మొత్తం నీలం రంగుకు తిరిగి, తెల్ల అక్షరాలు వచ్చి, చచ్చిపోయింది.

సలీం భాయ్ అప్పుడే బయటి నుంచి వచ్చాడు. ఏమైందో చెప్పాను. ఆయన నవ్వాడు.

“మూడు సార్లు మూడు జాగలల్ల ఆగింది గద భాయ్. సీడీ ఖరాబయితే ఒక్క జాగలనే ఆగాలె. ఇది ర్యామ్.”

వెనక మూత ఊడదీశాడు. ర్యామ్ ముక్కలు రెండున్నాయి. ఒకటి తీసేస్తే మిషన్ అసలు లేవడం లేదు, రెండోది తీసేస్తే లేచి కాసేపటికే చస్తోంది. అంత పాత రకం ర్యామ్ మా దగ్గర లేదు. తన ఇంట్లో ఒక డబ్బాలో ఉంటుందని, మర్నాడు తెస్తానని అన్నాడు. నాకు విసుగొచ్చింది. ఆ ఒక్క ముక్క ఆ పూట షాపులో ఉండి ఉంటే నాలుగోసారి కూడా కొట్టేవాణ్ని, అది చక్కగా పూర్తయ్యేది, శామ్యూల్ గారి పద్దెనిమిదేళ్లు అక్కడితో పూర్తయ్యేవి. ఆ డబ్బా టోలిచౌకిలో ఉండటం వల్ల మిగిలింది మిగిలింది.

బుధవారం

ఆయన సాయంత్రం దాకా ఆగలేకపోయారు. మర్నాడు పొద్దున షాపు తెరిచేసరికే గుమ్మంలో ఉన్నారు. ఊడదీసి ఉన్న ల్యాప్‌టాప్‌ను చూసి, భయపడి, ఏమైందని అడిగారు. ఇన్‌స్టలేషన్ మూడుసార్లు ఫెయిలైందని, తప్పు ర్యామ్‌దని, ఇంకో రెండు గంటల్లో అయిపోతుందని మామూలుగా చెప్పాను.

“పాత సిస్టం ఫోల్డరు ఉంది కదండీ అందులో?”

“ఏ ఫోల్డర్ సార్? సి మొత్తం కొట్టినం గద.”

ఆయన కౌంటర్ అంచు రెండు చేతులతో పట్టుకున్నారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నీళ్లిస్తే గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డారు, తాగడం మరిచిపోయి.

“నా స్క్రిప్టు అందులోనే ఉందండీ” అన్నారు చివరికి. “నాలుగు ఫైళ్లు. ఫస్టాఫ్, ఇంటర్వెల్, సెకండాఫ్, క్లైమాక్సు. సిస్టం ఫైళ్లలాగా పేర్లు మార్చి ఆ ఫోల్డర్లో పెట్టాను. ఇంకెక్కడా లేదు. ప్రింటు కూడా తీయలేదు.”

రెండేళ్ల కింద వేరే షాపులో ఎవరో ఓఎస్ బాగుచేశారట. వాళ్లు ఫార్మాట్ కొట్టకుండా పాతదాని మీదే వేశారు. ఆయన దాచిన ఫైళ్లు చెక్కు చెదరలేదు. అప్పటినుంచి, ఓఎస్ మళ్లీ వేయడమంటే గోడకు సున్నం వేయడం లాంటిదని, లోపలి ఇటుకలు అలాగే ఉంటాయని ఆయన నమ్మకం.

“అండ్ల ఎందుకు పెట్టిన్రు సార్, ఎవరన్న పెడ్తరా?” అన్నాను. నా గొంతులో కోపం కూడా ఉంది, దాచుకోను.

ఆయన నా కళ్లలోకి చూశారు. “మీరు చూడని చోటు అదొక్కటేనండీ.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు, నెమ్మదిగా, ఎవరి మీదా అరవకుండా. నాలుగేళ్ల కింద ఆయన దగ్గర ఒక కథ ఉండేది. అందులో ఒక తండ్రి లిఫ్టు ఆపరేటరు. కొడుకు అదే భవనంలో పెద్ద ఉద్యోగి. స్నేహితుల ముందు కొడుకు నామోషీ పడకూడదని ఆ తండ్రి, కొడుకు దిగాల్సిన అంతస్తు వచ్చాక అతన్ని తెలియనివాడిలా చూసి తలుపు తీస్తాడు. ఆ కథ ఆయన ఎవరికీ చెప్పలేదు. అప్పటికి ల్యాప్‌టాప్ ఇల్లు దాటి వెళ్లింది ఒక్క చోటికే, మా షాపుకు, రెండు రోజులు. ఏడాది తిరక్కుండా ఆ లిఫ్టు సీను థియేటర్లో చూశారు. మాటలతో సహా. పక్కన కూర్చున్న భార్య ఆ సీనుకు ఏడ్చిందట. అది తనదేనని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదన్నారు.

“మరి మళ్ల మా దగ్గరికే ఎందుకు వచ్చిన్రు?” అని అడిగాను.

“ఇంత పాత మోడలును ముట్టుకునేవాళ్లు మీరు తప్ప ఎవరూ లేరు కదండీ” అన్నారు. ఆయన వెటకారంగా అనలేదు. నిజమే చెప్పారు.

కోపంతో నేను ఏదో అనబోయాను. ఒక్కో కథ ఇరవై మంది చేతులు మారే ఊళ్లో మా షాపునే అంటారేమిటని. సలీం భాయ్ నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు. లేచి వెళ్లి గోదాం డిస్కును కంప్యూటర్‌కు తగిలించాడు. శామ్యూల్ అని వెతికాడు. ఫోల్డరు ఉంది. నాలుగేళ్లుగా ఉంది. అందులో ఆ లిఫ్టు కథ ఉంది. ఆ ఫైలును చివరిసారి తెరిచిన తేదీ పక్కన కనబడుతోంది. మా డెలివరీ పుస్తకం తీసి చూశాం. శామ్యూల్ గారు తన ల్యాప్‌టాప్ తీసుకెళ్లిన పది రోజుల తర్వాతి తేదీ అది.

అప్పట్లో మా దగ్గర ఒక టెక్నీషియన్ పనిచేసేవాడు. పేరు రాయను, పెళ్లాం పిల్లలున్న మనిషి. చురుకైనవాడు. ఆ ఏడాదే మా దగ్గర మానేసి ఒక సినిమా డైరెక్షన్ డిపార్టుమెంటులో చేరాడు. మేమిద్దరం సంతోషించి స్వీట్లు కూడా పంచాం. అతనే తెరిచాడని నేను కోర్టులో నిరూపించలేను. కానీ ఆ డిస్కుకు తాళం లేదు, పాస్‌వర్డు లేదు, అది ఉందని ఎవరికీ చెప్పలేదు. జనం నమ్మి ఇచ్చిన మిషన్లలోంచి వాళ్లకు తెలియకుండా వాళ్ల సరుకంతా తీసి ఒక గదిలో పోగేసి, ఆ గదికి తలుపు పెట్టని మనిషిని నేను. దొంగ ఎవరైనా కానీ, దారి వేసింది నేనే. ఇందాక శామ్యూల్ గారికి వేసిన కుర్చీలో నేను కూర్చున్నాను.

మేం చూస్తామన్న అనుమానంతోనే ఆయన మేం కాపీ తీయని చోట స్క్రిప్టు దాచారు. మేం కాపీ తీయని చోట ఉంది కాబట్టే అది పోయింది. నా మంచి అలవాటు ఆయన్ను రెండుసార్లు ముంచింది.

వెతుకులాట

పని కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఫార్మాట్ కొట్టినంత మాత్రాన పాత ఫైళ్లు చెరిగిపోవు. జాబితా మాత్రం పోతుంది. వాటి మీద కొత్తది రాసినప్పుడే అవి నిజంగా పోతాయి. కాబట్టి ఇన్‌స్టలేషన్ ఎంతవరకు నడిచిందో అంతవరకే నష్టం. ఏదైనా ఫెయిలైతే మొదట చేయాల్సింది చేతులు వెనక్కి తీసుకోవడం.

సలీం భాయ్ హార్డ్‌డిస్కు ఊడదీసి వేరే మిషన్‌కు తగిలించాడు. దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకుండా, పోయినవాటిని వెతికే సాఫ్ట్‌వేర్ నడిపాం. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ శామ్యూల్ గారు షాపు ముందున్న మెట్టు మీద కూర్చున్నారు. టీ అతను వచ్చి, లోపల ఎవరైనా పోయారా అని నన్ను రహస్యంగా అడిగాడు.

వచ్చినవి వందల ఫైళ్లు. పేర్లు పోయి అన్నిటికీ నంబర్లు వచ్చాయి. వైరస్ చిత్తు, పాత ఉత్తరాలు, ఏవేవో. పైగా మా మిషన్లో ఆయన వాడే తెలుగు ఫాంటు లేదు. తెరిచిన ప్రతిదీ పిచ్చిగీతలే. ఫాంటు ఆ ఫార్మాట్‌లోనే పోయింది. తెచ్చుకోవాలంటే వెంగళరావు నగర్‌లో ఆయనకు అది ఎక్కించిన డీటీపీ షాపతను ఊళ్లో లేడు.

నేను తెర ముందు కూర్చున్నాను. మొదటి ఫైలు తెరిచాను. పిచ్చిగీతలు. అవి మా ప్రెస్సు ఫాంటు గీతలే. నెమ్మదిగా, పేజీల విభాగంలో కూర్చున్నట్టే, కళ్లు వాటంతటవే పని మొదలుపెట్టాయి. ఇది ఎవరికో రాసిన దరఖాస్తు. ఇది పాట. ఇది బైబిలు వాక్యాలు. తర్వాతి దాని మొదట్లో సీన్ ఒకటి, పగలు, బస్టాండు అని ఉంది. చదువుకుంటూ పోయాను. ఏది ముందో ఏది వెనకో తెలియాలంటే చదవక తప్పదు. మధ్యాహ్నం రెండింటికి ఫస్టాఫ్, ఇంటర్వెల్, సెకండాఫ్ మూడూ చేతికొచ్చాయి. నాలుగోది రాలేదు. దాని మొదటి అరపేజీ ఉంది. ఆ తర్వాత ఓఎస్ తాలూకు ముక్క ఒకటి దాని మీద కూర్చుని ఉంది. ఎంతవరకు వెళ్లిందో లెక్క చూశాం. మొదటి రెండుసార్లు ఇన్‌స్టలేషన్ అంత దూరం రాలేదు. అది మూడోసారి కొట్టినప్పుడు పోయింది.

బయటికి వెళ్లి ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను. మూడు దొరికినయ్, క్లైమాక్సు పోయిందని చెప్పాను. మొదటిసారి ఆగినప్పుడే నేను ఆగి ఉంటే అది కూడా ఉండేదని, అది పోవడం పూర్తిగా నా తప్పని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాలి, అది నోటికి రావడానికి టైం పట్టింది.

“మీ స్క్రిప్టు నేను చదివిన సార్. ఫాంటు లేకున్నా నాకు చదవొస్తది. చదవకుంటే ఏది మీదో తెల్వకపోతుండె.”

ఆయన రోడ్డు వైపు చూశారు. ఇద్దరు డాన్సర్లు మెరుపుల డ్రెస్సుల మీద చున్నీలు కప్పుకుని ఆటో కోసం ఆగి ఉన్నారు. ఆటో వచ్చి, ఎక్కి వెళ్లిపోయారు. ఇక మా షాపు గడప తొక్కరనుకున్నాను.

“ఎలా ఉందండీ?” అన్నారు.

నేను తెల్లబోయాను. నిజంగా అడుగుతున్నారు. “ఇంటర్వెల్ దాక లేవబుద్ధి కాలేదు సార్. తర్వాత జర సాగింది” అన్నాను.

“నాకూ అదే అనుమానం” అన్నారు. “ఆ పెళ్లి సీను తీసేయమంటారా?”

వెనక నుంచి సలీం భాయ్, “ఇప్పుడా సాబ్ గది?” అన్నాడు.

షట్టర్

ప్రెస్సులో ఫలితం ముందు రాయమని నేర్పారు, కాబట్టి గురువారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కథ ఒప్పుకున్నారు. సినిమా రెండు వారాలు ఆడింది. తెర మీద ఆయన పేరు పడింది. భార్యతో కలిసి చూశారట. ఇక బుధవారం మధ్యాహ్నానికి వస్తాను. నాకు గుర్తుండిపోయింది అదే.

క్లైమాక్సు ఆయన తలలో ఉంది. కానీ ఆయన టైపు చేసేది ఒక్క వేలితో, అదీ అక్షరం అక్షరం వెతుక్కుంటూ. పద్నాలుగు పేజీలు మర్నాటికి అయ్యే పని కాదు. మీరు చెబుతుంటే నేను కొట్టగలనని, ప్రెస్సులో మనిషి మాట్లాడే వేగానికి కొట్టినవాణ్నని చెప్పాను. చెప్పేశాక గానీ నేను ఏం అడుగుతున్నానో నాకు అర్థం కాలేదు. కథ ఎక్కడుందో చెప్పడానికే ఇష్టపడని మనిషిని, కథే చెప్పమంటున్నాను.

సలీం భాయ్ మమ్మల్ని లోపలికి పిలిచి, గోదాం డిస్కు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. శామ్యూల్ గారి పాత ఫోల్డరు ఆయనకు ఒక సీడీలో రాసిచ్చి, “ఇది మీకు సాక్ష్యం. డిస్కు కూడా కావాల్నా?” అని అడిగాడు.

“నా పేరు ఏ కాగితం మీదా లేదు భాయ్. సాక్ష్యం ఎవరికి చూపించను?” అన్నారాయన.

సలీం భాయ్ డిస్కు మూత విప్పి, అద్దంలా మెరిసే పళ్లెం మీద స్క్రూడ్రైవర్ పెట్టి, లోపలి నుంచి అంచు దాకా గీశాడు. మేం ఏళ్లపాటు పోగేసినదంతా ఒక్క చప్పుడుతో పోయింది. తర్వాత సలీం భాయ్ బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు, ఇందాక శామ్యూల్ గారు కూర్చున్న చోట.

శామ్యూల్ గారు షట్టర్ వైపు చూశారు. వెళ్లి, పట్టపగలు మూడింటికి, దాన్ని నడుము దాకా కిందికి లాగారు. గదిలో సగం చీకటైంది. వచ్చి నా పక్కన కూర్చున్నారు. నేను ప్రెస్సులో వాడిన ఫాంటు సీడీ ఒకటి, పొద్దున ఆ కంగారులో గుర్తురానిది, డ్రాయర్ అడుగున దొరికింది. అది ఎక్కించి ఖాళీ పేజీ తెరిచాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

“సీన్ ఎనభై ఒకటి. పగలు. రైల్వే గేటు” అన్నారు.

రెండున్నర గంటలు చెప్పారు. మధ్యలో రెండుసార్లు ఆగి, మొదట రాసినదానికంటే ఇది బాగుందన్నారు. ఒక చోట నా వేళ్లు ఆగిపోయాయి, తెర మసకగా కనబడింది. ఆయన చూసి, ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చెప్పారు. పని పూర్తయ్యేసరికి షట్టర్ కింద నుంచి వచ్చే ఎండ నేల మీద ఎర్రబడింది. నేను పాత ఫైళ్ల పక్కన దీన్ని పెట్టడానికి తయారయ్యాను. ఆయన ల్యాప్‌టాప్ కొత్త ర్యామ్‌తో, కొత్త ఓఎస్‌తో, తెర మీద ఒక్క గుర్తు కూడా లేకుండా శుభ్రంగా ఉంది.

“పేరేం పెట్టమంటరు సార్?”

“కథ పేరే పెట్టండి.”

“ఎక్కడ పెట్టాలె?”

ఆయన ఖాళీ తెరను కాసేపు చూశారు. రబ్బరుబ్యాండు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్లీ చుట్టుకున్నారు.

“డెస్క్‌టాప్ మీదే పెట్టండి” అన్నారు.